మన కాలెండరులో పరుల వ్రాత

(ఉడుమలైపేటలో మన సంఘపు నెలసరి కూటమియందు చేసిన ప్రసంగము)



నన్ను ఈ దినము మాటాడుమని కోరినపుడు కార్యదర్శిగారు విషయమును కూడ తామే సూచించిరి. మన ఇండ్లలో కొందరి ఫోనులలో, తాము వ్రాయని తేదీలు, తా మెరుగని సభలు, తాము కోరని బహుమతులు కాలెండరులో కనబడుచున్నవట. అవి ఎక్కడినుండి వచ్చుచున్నవి, వానివలన కీడేమి అని వివరింపుమనిరి. ఇది కంప్యూటరు చదివిన పిల్లలకు మాత్రమే సంబంధించిన సంగతి అని కొందరు తలచుచుండవచ్చును. ఫోను చేతబట్టిన ప్రతివారికిని ఇది సంబంధించినదే. నా అభిప్రాయములో పిల్లలకంటె పెద్దలకే ఎక్కువ.

మనవారికి పిలుపు అనునది చిన్న మాట కాదు. పెండ్లికి గాని పేరంటమునకు గాని, ఇంటివారు వచ్చి బొట్టుపెట్టి పిలిచిననే గాని గడప దాటని అవ్వలు నేటికిని మన వీధులలో ఉన్నారు. శుభలేఖను తపాలాలో పంపినయెడల, “కాగితము వచ్చినది, పిలుపు రాలేదు” అని వారందురు. ఆ మాటలో పట్టుదల ఉన్నమాట నిజమే. కాని పట్టుదలకంటె ఎక్కువగా అందులో ఒక జాగ్రత్త ఉన్నది. పిలిచినవారెవరో, ఏ ఇంటివారో ముఖము చూచి తెలిసికొనిన పిమ్మటనే ఆ తేది మన ఇంటి కాలెండరునకు ఎక్కును. శివకాశిలో అచ్చైన దినసరి కాలెండరు మన వంటింటి గోడకు వ్రేలాడుచుండును. పాలవాని లెక్క, గ్యాసుబండ వచ్చిన నాడు, చీటీ కట్టవలసిన తేది, మనుమరాలికి చెవులు కుట్టించు ముహూర్తము అన్నియు దానిమీద పెన్సిలుతో గుర్తుపెట్టుకొందుము. వీధిన పోవు అపరిచితుడొకడు లోనికి వచ్చి, ఆ కాగితముమీద “రేపు పది గంటలకు మీ బ్యాంకు ఖాతా మూయబడును” అని వ్రాసి పోగలడా? పోలేడు. ఫోనులోని కాలెండరులో మాత్రము వ్రాయగలడు. నా ప్రసంగమంతయు ఈ ఒక్క భేదమును గూర్చియే.

అది ఎట్లు సాధ్యమైనదో చెప్పెదను. పూర్వము ఒక్కొక్క కంపెనీ కాలెండరు ఒక్కొక్క తీరుగ ఉండెను. ఒక ఆఫీసువారు పంపిన సమావేశపు తేదిని మరియొక ఆఫీసువారి కంప్యూటరు చదువలేకుండెను. ఆ చిక్కు తీర్చుటకై 1998లో ఇంటర్నెట్టు ప్రమాణములను నిర్ణయించువారు “ఐ-కాలెండర్” అను ఉమ్మడి పద్ధతిని ఏర్పరచిరి; 2009లో దానిని సవరించిరి. ఆ పద్ధతి ప్రకారము తేది, వేళ, స్థలము, పిలుచువారి పేరు, విషయము అన్నియు ఒక చిన్న దస్త్రములో ఇమిడి ఈ-మెయిలుతో పాటు వచ్చును. దాని పేరు చివర “ఐ.సీ.ఎస్.” అను మూడక్షరములుండును. మన కాలెండరు ఆ దస్త్రమును చదివి, తనంతట తానే ఆ తేదికి ఎదురుగ వ్రాసికొనును. “వత్తురా, రారా?” అను ప్రశ్నకు మనము జవాబు చెప్పకముందే అది అక్కడ చేరును. తీరికలేని ఉద్యోగి ఉత్తరము విప్పకున్నను సమావేశము తప్పిపోకుండవలెనని ఆ ఏర్పాటు చేసినవారి ఉద్దేశము. ఉద్దేశము మంచిదే. అయితే తలుపు తీసి పెట్టినపుడు చుట్టమొక్కడే లోనికి రావలెనని నియమము లేదు గదా.

మీ కాలెండరులో వ్రాయుటకు మోసగానికి మీ పాస్‌వర్డు అక్కరలేదు. మీ ఈ-మెయిలు చిరునామా తెలిసిన చాలును. ఆ చిరునామాను మనమెందరికి ఇచ్చితిమో లెక్క పెట్టుకొనుడు. నగలకొట్టున బిల్లు వేయునపుడు ఇచ్చితిమి, ఆసుపత్రిలో ఇచ్చితిమి, రైలు టిక్కెట్టునకు, పిల్లల పరీక్షలకు, కొబ్బరికాయల బేరగానికి సయితము ఇచ్చితిమి. వీరిలో ఏ ఒక్కరి పుస్తకము అన్యుల చేతబడినను, ఆ జాబితాలోని వేలమందికి ఒక్క గడియలో పిలుపులు పంపవచ్చును. పంపువానికి ఖర్చు దాదాపు లేదు.

ఇందులోని చమత్కారమును కొంచెము నిదానముగ చూడవలెను. ఏలయన మోసమునకు ఆయువుపట్టు అదియే. సాధారణమైన దొంగ ఉత్తరము వచ్చినయెడల, ఉత్తరముల పెట్టెయే దానిని పసిగట్టి చెత్తబుట్టలో వేయుట చాలసారులు జరుగుచుండును. వేయకున్నను, పైన పంపినవాని పేరు కనబడును; మనకు అనుమానము కలుగుటకు అవకాశము ఉండును. కాలెండరులోని వ్రాత అట్లు కాదు. ఆ వేళ కాగానే గంట మ్రోగును. తెరమీద మాట వెలుగును. ఆ మాటను పలుకునది అపరిచితుడు కాదు, మన ఫోనే. మందు వేసికొనవలసిన వేళను, తద్దినపు తేదిని, బీమా కట్టవలసిన గడువును ప్రతిదినము మనకు గుర్తుచేయు ఆ నమ్మకమైన గొంతుతోనే, “మీ ఖాతా ఈ సాయంకాలము నిలిచిపోవును, ఇక్కడ నొక్కుడు” అనియు వినబడును. డెబ్బదియేండ్ల పెద్దావిడ, “ఇది నేనే వ్రాసికొని మరచితిని కాబోలు” అని అనుకొనుట వింతయా? తన జ్ఞాపకశక్తిని ఆమె అనుమానించునే గాని ఫోనును అనుమానింపదు. ఇంకొక చిక్కు కలదు. ఉత్తరమును చెరిపివేసినను కాలెండరులోని వ్రాత చాలసారులు చెరగదు. ఉత్తరము పోయినది గదా అని మనము నిశ్చింతగా ఉండగా గంట మ్రోగుచునే ఉండును.

నొక్కినయెడల ఏమగును? ఒక పుట తెరుచుకొనును. అది బ్యాంకువారి పుటవలెనో, ఆదాయపు పన్నువారి పుటవలెనో, కొరియరు కంపెనీ పుటవలెనో ఉండును. ముద్ర అదే, రంగు అదే, అక్షరములు అవియే. అక్కడ పేరు, కార్డు సంఖ్య, పాస్‌వర్డు, ఓ.టి.పి. అడుగుదురు. వ్రాసిన అక్షరములన్నియు మోసగాని చేతికి పోవును. దీనినే “ఫిషింగు” అందురు. చేపలు పట్టుట అను ఆంగ్లపదమునకే అక్షరము మార్చి పెట్టిన పేరిది. మనభాషలో గాలము వేయుట అని చెప్పినయెడల చాలును. ఎర మారుచుండును, గాలపు ముల్లు ఒక్కటే. మన తమిళనాట కరెంటు బిల్లు కట్టలేదు, ఈ రాత్రి తొమ్మిదిన్నరకు దీపములారిపోవును అని వచ్చిన సందేశములు మీకు జ్ఞాపకముండును. ఆ ఎరయే ఇపుడు కాలెండరులోనికి ఎక్కినది.

ఇది నిన్న మొన్న పుట్టినది కాదు. 2016 నవంబరులో ఆపిల్ కంపెనీవారి ఫోనులు వాడువారికి, చలువ కళ్ళద్దములు చవుకగా దొరకునని కాలెండరు పిలుపులు కుప్పలుగా వచ్చెను. కంపెనీవారు క్షమాపణ చెప్పుకొని, అట్టి పిలుపును చెత్తయని ఫిర్యాదు చేయుటకు డిసెంబరులో ఒక మీటను ఏర్పరచిరి. 2019లో కాస్పర్‌స్కీ అను భద్రతా సంస్థవారు గూగులు కాలెండరులో ఇట్టి మోసమును గూర్చి హెచ్చరించిరి. కొన్ని ప్రశ్నలకు జవాబు చెప్పినయెడల బహుమతి అనియు, ఆ బహుమతి అందుటకు కొంచెము రుసుము కార్డుతో కట్టుమనియు అందులో ఉండెను. రుసుము ఎంతయైనను దానికి ఆశపడి కాదు, కార్డు వివరములకై ఆ ఏర్పాటు. 2024 డిసెంబరులో చెక్ పాయింట్ అను మరియొక సంస్థవారు, నాలుగు వారములలో నాలుగువేలకు పైబడిన ఇట్టి ఉత్తరములను, సుమారు 300 సంస్థలకు సంబంధించినవానిని, కనుగొంటిమని ప్రకటించిరి. 2025 సెప్టెంబరులో వెలువడిన సంగతి అన్నిటికంటె గడుసైనది. మీ పేపాల్ ఖాతానుండి 599 డాలర్లు తీసికొనబడినవి, కాదన్నయెడల ఈ సంఖ్యకు ఫోను చేయుడు అని కాలెండరు పిలుపులో వ్రాసి పంపిరి. ఆ పిలుపు ఆపిల్‌వారి యంత్రములనుండియే, ఆపిల్‌వారి చిరునామాతోనే వచ్చెను. పంపినవారి చిరునామా సరియైనదా అని చూచి నమ్మవలెనని మనము పిల్లలకు చెప్పుచుంటిమి. ఆ సూత్రమొక్కటియే ఇక చాలదు. అందులో నొక్కవలసిన లింకు కూడ లేదు. మనమే ఫోను చేసి వారి వలలో పడవలెను.

మన మర్యాదను గూర్చి ఇచ్చట ఒక మాట చెప్పవలసియున్నది. పిలిచినవారికి రాలేమన్న సంగతి తెలుపకుండుట మన కుటుంబములలో తప్పు. కబురైనను పంపుదుము. కాలెండరు పిలుపు క్రింద “అవును”, “కాదు”, “చూతము” అను మూడు మీటలుండును. ఈ సభ నాకెందుకని పెద్దలు మర్యాదగా “కాదు” అని నొక్కుదురు. ఆ నొక్కుటయే మోసగానికి చేరు జవాబు. ఆ చిరునామాలో మనిషి ఉన్నాడు, ఉత్తరములు చూచుచున్నాడు, మీటలు నొక్కును అని వానికి తెలియును. మరునాటినుండి పిలుపులు రెట్టింపగును. 2016లో అనేకులు నేర్చుకొనిన పాఠమిది. ఎరుగనివాని పిలుపునకు అవును అనరాదు, కాదు అని కూడ అనరాదు. తెలుగువానికి ఇది కొంచెము కష్టమైన పనియే.

దూరదేశముల సంగతులు మనకేల అందురేమో. మన రాష్ట్రముననే జరిగిన ఒక వ్యాజ్యమును చెప్పెదను. అది కాలెండరు పిలుపు కాదు, వట్టి ఈ-మెయిలు. గాలము మాత్రము ఇదియే. అబుధాబిలో ఉద్యోగము చేయుచుండిన ఒకరికి తూత్తుకుడిలో ఒక ప్రైవేటు బ్యాంకునందు ఖాతా ఉండెను. 2007లో బ్యాంకువారి పేరుతో వచ్చిన ఉత్తరమును నమ్మి ఆయన వివరములిచ్చెను. సొమ్ము పోయెను. రహస్యమును తానే బయటపెట్టెను గనుక తప్పు ఆయనదే అని బ్యాంకు వాదించెను. సమాచార సాంకేతిక చట్టము ప్రకారము ఇట్టి నష్టములపై తీర్పు చెప్పు అధికారము మన రాష్ట్రపు ఆ శాఖ కార్యదర్శికి కలదు. వారు 2010 ఏప్రిలులో, ఖాతాదారునికి 12.85 లక్షల రూపాయలు ఇచ్చుకొనుమని బ్యాంకును ఆజ్ఞాపించిరి. బ్యాంకు అప్పీలు చేసెను. తగవు ఏండ్లతరబడి సాగెను. ఈ కథలో ధైర్యము చెప్పు భాగమున్నది, భయపెట్టు భాగమున్నది. చట్టము మనలను విడిచిపెట్టలేదు. కాని చట్టము నడచు వేగము వేరు, సొమ్ము నడచు వేగము వేరు.

ఇక మన ఊరి సంగతికి వచ్చెదను. మధుర నాయకుల కాలమునుండి ఈ నేల మనది; తెలుగు మన ఇంటి మాట. చదువు చాలమందికి తమిళము. ఫోను మాటాడునది ఆంగ్లము. ఈ మూడింటి నడుమ మన పెద్దలు చిక్కుకొని యున్నారు. కొడుకు బెంగుళూరులోనో అమెరికాలోనో ఉండును. సెలవులకు వచ్చినపుడు మంచి ఫోను కొని, ఈ-మెయిలు పెట్టి, బ్యాంకును అందులో చేర్చి, “అమ్మా, ఇక నీకే తొందరా లేదు” అని చెప్పి వెళ్ళును. ఫోను తెరిచి ఇచ్చెను. దాని తలుపులు మూయుట ఎట్లో చెప్పలేదు. ఆవిడకు ఆంగ్లములో “అర్జంట్” అను మాట తెలియును, “బ్యాంక్” అను మాట తెలియును, “టుడే” అను మాట తెలియును. మోసగానికి కావలసినవి ఆ మూడు మాటలే.

సొమ్ము పోయిన తరువాత జరుగునది నన్ను ఎక్కువ బాధించుచున్నది. ఆ పెద్దావిడ ఎవరితోను చెప్పదు. కొడుకు కోపపడునేమో, కోడలు నవ్వునేమో, చుట్టములలో పేరు పోవునేమో అని మనసులోనే దాచుకొనును. పింఛనులో కొంత, కౌలు డబ్బులో కొంత తగ్గించి ఆ గుంటను పూడ్చుకొనుచు ఉండును. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్క మొరిగినట్లు, ఎన్నడో పాసుబుక్కు చూచినపుడు సంగతి బయటపడును. ఈ మౌనమే మోసగానికి పెద్ద అండ. ఏలయన పోయిన సొమ్ము దొరకుట గంటలమీద ఆధారపడి యున్నది. కేంద్ర ప్రభుత్వమువారు 2021లో 155260 అను సంఖ్యతో ఒక సహాయపు ఫోను ఏర్పరచిరి. ఇపుడు దాని సంఖ్య 1930. ఆ సంఖ్యకు చెప్పగానే సంగతి బ్యాంకులకు చేరును. మోసగాని ఖాతాలో సొమ్ము ఇంకను ఉన్నయెడల దానిని అక్కడనే నిలిపివేయుదురు. మోసగాళ్ళు కూడ ఈ సంగతి ఎరుగుదురు. అందువలననే సొమ్మును ఒక ఖాతానుండి మరియొక ఖాతాకు వెంటవెంటనే మార్చుచుందురు. పాత కాగితములపై 155260 అని వ్రాసి పెట్టుకొనినవారు దిద్దుకొనుడు. అదేవేళ మీ బ్యాంకునకును తెలుపవలెను. మన తప్పుచేత రహస్యము బయటపడినను, బ్యాంకునకు తెలిపిన తరువాత జరిగిన నష్టము బ్యాంకుదే అని రిజర్వు బ్యాంకువారు 2017 జూలై 6వ తేది ఉత్తరువులో స్పష్టముగా చెప్పిరి. అనగా తెలిపిన నిమిషము విలువ కలది. “ముందు కొడుకును అడిగి, తరువాత చెప్పుదము” అని అమెరికాలో తెల్లవారువరకు ఆగరాదు.

ఇంట నున్న కొడుకులకు, కోడండ్రకు కూడ ఒక మనవి. మోసపోయితినని తల్లి వచ్చి చెప్పిన నాడు, మొదటి మాట “ఎందుకు నొక్కితివి?” అని కాకూడదు. “ఎన్ని గంటలకు?” అని అడుగుడు. 1930కి చెప్పవలసినది అదియే గనుక.

వీడియో పిలుపులను గూర్చి చెప్పక తప్పదు. పోలీసుల దుస్తులు వేసికొని తెరమీద కనబడి, నిన్ను ఇంటనే అరెస్టు చేసితిమి, కదలరాదు, ఎవరితోను మాటాడరాదు అని బెదరించి సొమ్ము లాగుచున్నారు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రిగారు తమ రేడియో ప్రసంగములో దీనినే ప్రస్తావించి, డిజిటల్ అరెస్టు అనునది చట్టములో లేనేలేదని చెప్పిరి. కాలెండరు పిలుపులో వీడియో సమావేశపు లింకును ఇమిడ్చి పంపుట సులభము గనుక, “విచారణ, రేపు ఉదయము 11 గంటలు” అని మీ కాలెండరులో కనబడినను బెదరకుడు. పరుని పేరు పెట్టుకొని కంప్యూటరు ద్వారా మోసము చేయువానికి సమాచార సాంకేతిక చట్టము 66-డి విభాగము క్రింద మూడేండ్లవరకు జైలు, లక్ష రూపాయలవరకు జరిమానా కలదు. విచారణ జరుగవలసినది వానిమీద.

ఇపుడు తలుపు మూయు విధమును చెప్పెదను. గూగులు కాలెండరు వాడువారు అందులోని సెట్టింగులు తెరిచి, పిలుపులను కాలెండరులో చేర్చుటను గూర్చిన వరుసను వెదకవలెను. ఫోనులో అది “జనరల్” అను భాగము క్రిందను, కంప్యూటరులో “ఈవెంట్ సెట్టింగ్స్” క్రిందను ఉండును. అందరి పిలుపులు చేర్చుమనుట, తెలిసినవారివి మాత్రమే చేర్చుమనుట, నేను జవాబు చెప్పిన పిమ్మటనే చేర్చుమనుట అని అక్కడ మూడు మార్గములు కలవు. తెలిసినవారివి మాత్రమే అను రెండవ మార్గమును గూగులువారు 2022లో చేర్చిరి. అనగా మన పేర్ల పట్టికలో ఉన్నవారు, మన ఆఫీసువారు, మనతో మునుపు ఉత్తరములు నడిపినవారు. ఇంటనుండు పెద్దలకు మూడవ మార్గము మేలని నా అభిప్రాయము. బొట్టుపెట్టి పిలిచినగాని కాలెండరు కెక్కదు, అంతే. తిరుప్పూరు ఎగుమతి కంపెనీలలో పనిచేయు మన పిల్లలకు అది కుదరదు. విదేశపు కొనుగోలుదారుల సమావేశములన్నియు ఈ పిలుపుల ద్వారానే జరుగును గనుక వారు రెండవ మార్గమును పట్టవలెను. సరుకు డబ్బు వేరు ఖాతాకు పంపుమని పిలుపులో వ్రాసియున్నయెడల, పాత సంఖ్యకు ఫోను చేసి గొంతు విన్న పిమ్మటనే నమ్మవలెను.

ఇదివరకే వచ్చి చేరిన వ్రాతను తెరిచి, అందులోని లింకును గాని జవాబు మీటలను గాని తాకక, “రిపోర్ట్ యాజ్ స్పామ్” అను మాటను వెదకి నొక్కవలెను. ఐఫోనులో కొందరికి వేరొక వ్యాధి పట్టును. ఏదో పుట చూచుచుండగా ఒక పెట్టె తెరుచుకొని “సబ్‌స్క్రైబ్” అని అడుగును. తొందరలో నొక్కినయెడల ఒక తేది కాదు, పూర్తి కాలెండరే వచ్చి కూర్చుండును. “మీ ఫోనునకు వైరసు పట్టినది” అని గంట గంటకు అరచును. నిజమునకు వైరసు ఉండదు. ఒక్కొక్క తేదిని చెరుపుచు కూర్చుండిన ప్రయోజనము లేదు. ఆ వ్రాత అడుగున నున్న “అన్‌సబ్‌స్క్రైబ్” అను మాటను నొక్కి ఆ కాలెండరునే తీసివేయవలెను.

ఈ మాటలను వారపత్రికలో ప్రకటింతుమని సంపాదకులు చెప్పిరి. తెలుగు చదువరాని మన పిల్లలు ఇంట చాలమంది ఉన్నారు గనుక, చదువగలిగిన పెద్దలు వారికి వినిపింపుడు. ఫోను మీటలు తెలిసిన పిల్లలు పెద్దలకు ఆ మార్పు చేసి పెట్టుదురు. ఇపుడు సభ ముగిసిన పిమ్మట, కాఫీ ఇచ్చుచోట ఎడమవైపు బల్లవద్ద మన యువకులు నలుగురు కూర్చుండి యుందురు. ఫోను తెచ్చినవారు అక్కడనే కాలెండరు తలుపు మూయించుకొని పోవచ్చును. పాస్‌వర్డు వారికి చెప్పనక్కరలేదు, చెప్పకుడు కూడ; ఫోను మీ చేతిలోనే ఉంచుకొనుడు, వారు చూపినచోట మీరే నొక్కవలెను. కళ్ళద్దములు మరచి వచ్చినవారు వచ్చే నెల రావచ్చును.